గుమ్మం దాకా తెల్లబూటు

నర్సింగు చదివే ఆడపిల్లలకు షూ అవసరమా అని కొందరు తెలివితక్కువవాళ్ళు అడుగుతున్నారు. అవసరమే! తెల్లగా ఉండాలి, మెరవాలి, ఆవగింజంత మచ్చ కూడా ఉండకూడదు. కాకపోతే ఆ షూ తొడుక్కుని రోగి దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు. ఇంత గొప్ప ఆలోచన ప్రపంచంలో ఇంకెక్కడైనా వచ్చిందో లేదో తెలియదు. మా గోదావరిఖనిలో వచ్చింది. మన ఊరి గొప్ప మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

ముందు నా సంగతి. నా పేరు లింగమూర్తి. బొగ్గుగనుల కంపెనీ టైమాఫీసులో కూర్చుని, ఎవరు ఆలస్యంగా వచ్చారో రాసుకోవడమే పనిగా బతికి రిటైరైనవాణ్ణి. నియమం అంటే నాకు ప్రాణం. ఎవరైనా నియమం తప్పితే నాకు అన్నం సహించదు. ఎవరూ తప్పకపోతే అసలే సహించదు.

అలాంటి నేను పోయిన నెల బొగ్గు టిప్పరు వెనక స్కూటరు మీద పోతూ, అది రాల్చుకుంటూ పోయిన పొడిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పుండు కూడా పడింది కాబట్టి రోజూ సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. కాలుకు తాడు కట్టి, ఆ తాడుకు ఇటుకలు వేలాడదీసి, మంచంమీద పడుకోబెట్టారు. ఈ వ్యాసం ఆ మంచంమీద నుంచే రాస్తున్నాను. దవాఖాన పేరు చెప్పను, కాలేజీ పేరు కూడా చెప్పను. చెబితే ఇంకో ఇటుక వేలాడదీస్తారని భయం.

కాలు పైకి, తల కిందికి పెట్టి పడుకున్నవాడికి మనుషుల ముఖాల కన్నా కాళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే నేను ఈ వార్డులో పాదాల మీద పెద్ద నిపుణుణ్ణయ్యాను. నర్సింగు పిల్లలు ప్రాక్టికల్ ట్రైనింగుకు పొద్దున్నే వస్తారు. తల మీద తెల్ల టోపీ, ఒంటిమీద తెల్ల యూనిఫాం, కింద వట్టి కాళ్ళు! మొదటిరోజు చూసి, పాపం పేదపిల్లలు, షూ కొనుక్కోలేకపోయారు కాబోలనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి! షూ ఉన్నాయి. భేషుగ్గా ఉన్నాయి. వార్డు గుమ్మం బయట, చెక్క రాక్‌లో, వరుసగా కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నాయి.

ఆ షూ దినచర్య వినండి. మా ఊళ్ళో పొద్దున తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రం బూడిదరంగు బట్ట తీసుకుంటాం. ఇలాంటి ఊళ్ళో తెల్లబూటు నియమం పెట్టిన పెద్దమనిషికి ఎంత ధైర్యం ఉండాలి! అందుకని పిల్లలు ఇంటినుంచి చెప్పులతో బయలుదేరతారు. షూను పాలిథిన్ కవర్లో చుట్టి, బస్సులో చంటిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకుని వస్తారు. కాలేజీ గేటు ముందు చెప్పులు విప్పి కవర్లో వేసి, షూ తొడుక్కుంటారు. లోపల రఘుపతి సార్ నిలబడి ఉంటాడు. ఆయన కాలేజీ ఏవో, అంటే పరిపాలనాధికారి. పిల్లలకు పాఠం వచ్చిందా లేదా ఆయన అడగడు. వంగి షూ చూస్తాడు. మచ్చ కనిపిస్తే ఆ పిల్లను ఇంటికి పంపిస్తాడు.

తనిఖీ అయ్యాక కాలేజీ బస్సులో దవాఖానకు వస్తారు. వరండా దాటి వార్డు గుమ్మం చేరగానే ఒక బోర్డు: 'పాదరక్షలు బయట విడువవలెను.' బోర్డు కింద అక్బరీ బేగం అనే ఆయా. బోర్డు చదవనివాళ్ళకు ఆమె గొంతు చదివి వినిపిస్తుంది.

"చప్పల్ బాహర్! బూట్లు బాహర్! ఎన్నిపార్ల చెప్పాలె మీకు?"

అంతే, షూ రాక్‌లోకి, పాదం నేలమీదికి. కాలేజీ వారి బాధ్యత గేటు దగ్గర ముగిసింది, దవాఖాన వారి బాధ్యత గుమ్మం దగ్గర తీరింది. ఇక లోపల తిరిగే పాదం ఎవరిదీ కాదు. భేష్!

ఇందులో ఎంత పొదుపుందో గమనించారా? కోర్సు మొత్తం అయిపోయినా షూ అడుగు కొత్తదే. చెల్లెలికి ఇవ్వొచ్చు. ఆ చెల్లెలు కూడా నర్సింగే చదివితే, ఆమె ఇంకో చెల్లెలికి ఇవ్వొచ్చు. వంశపారంపర్యంగా ఒకే జత! కాలికి తొడిగితే అరిగిపోతుందన్న చిన్న విషయం ఇన్నాళ్ళూ షూ కంపెనీలకు తెలియలేదు.

డాక్టర్లు మాత్రం షూతోనే వస్తారు. వాళ్ళ షూకు మురికి అంటదు. ఎందుకు అంటదని అడక్కండి, పెద్ద చదువులు! ఇక రోగుల చుట్టాలున్నారు. చెప్పులు బయట విడిస్తే పోతాయని సంచుల్లో వేసుకుని లోపలికి తెచ్చి మంచాల కింద పెట్టుకుంటారు. అది తప్పు కాదు. ఎందుకంటే చెప్పులు కాళ్ళకు లేవు. మురికి కాలిద్వారా వస్తేనే మురికి, సంచిలో వస్తే సామాను!

వట్టికాలి చికిత్స గురించి కూడా చెప్పాలి. నేలమీద ఒకచోట ఫినాయిల్, ఒకచోట కారిన సెలైన్, ఇంకోచోట ఏమిటో నేను చెప్పను, మీరు అన్నం తింటూ చదువుతూ ఉండొచ్చు. ఇంజెక్షన్ మందు గాజుబుడ్డీ మెడ విరిచినప్పుడు చిన్న చిన్న ముక్కలు ఎగిరిపడతాయి. పట్నంలో పెద్దవాళ్ళు గులకరాళ్ళ మీద నడవడానికి పార్కుల్లో డబ్బు కట్టి చేరతారట. మన పిల్లలకు గాజుముక్కల మీద ఉచితం!

ఉచితమన్నాను కదా, ఆస్మా సంగతి చెబుతాను.

ఆస్మా రెండో సంవత్సరం పిల్ల. వాళ్ళ నాన్న మొయినుద్దీన్‌ది చౌరస్తా దగ్గర మోటారు మెకానిక్ షెడ్డు. నా బీపీ చూసేటప్పుడు గాలి ఎక్కువ కొట్టి చెయ్యి నలిపేసేది. "నాయిన షెడ్డుల టైర్లకు కొట్టినట్టు కొడుతున్ననా కాకా?" అని నవ్వేది. ఒకరోజు నా పక్క మంచం దగ్గరికి ట్రేతో గబగబా వస్తూ టక్కున ఆగిపోయింది. ముఖం తెల్లబడింది. కాలు ఎత్తి చూసుకుంది. అరికాల్లో సూది. ఎవరికో వాడిన సూది. ఎవరికి వాడారో, వాళ్ళ నెత్తుట్లో ఏ రోగం ఉందో ఎవరికీ తెలియదు.

తోటిపిల్ల శాలిని పరుగెత్తుకొచ్చి సూది తీసి, ఆమెను నడిపించుకుపోయి నల్లా కింద కాలు పెట్టి కడిగింది. డాక్టరుగారు ఇంజెక్షన్ రాశారు, రక్తపరీక్ష చేయించారు. ఇప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి, కొన్ని నెలలయ్యాక మరొకటి. అప్పుడుగానీ ఏమీ కాలేదని గట్టిగా చెప్పలేరట.

కాలేజీ వెంటనే స్పందించింది. రఘుపతి సార్ వచ్చి, అందరినీ నిలబెట్టి అన్నాడు: "సూది కింద పడేసినోళ్ళది తప్పు. చూడకుండ తొక్కినామెది తప్పు. ఇందుల కాలేజీ తప్పేమన్న ఉన్నదా? రేపటి సంది కిందికి చూస్కుంట నడువుండ్రి."

ఎంత చక్కని తీర్పు! ప్రమాదాలన్నిటినీ ఇంత తేలిగ్గా పరిష్కరించవచ్చని తెలిస్తే నేనూ టిప్పరు వెనక పడేముందు కిందికి చూసుకునేవాణ్ణి.

సాయంత్రం ఆస్మా నా మంచం దగ్గర నిలబడి, టెంపరేచర్ చూస్తున్నట్టు నటిస్తూ మెల్లగా చెప్పింది. "ఇంట్ల చెప్పలే కాకా. అమ్మీకి తెలిస్తే చదువు బంద్ చేయిస్తది. నెత్తుట్ల ఏమన్న ఉంటే ఎట్ల?" నియమాన్ని ప్రేమించేవాడికి ఏడుపు రాకూడదు కదా, ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

ఆస్మా ఇంట్లో చెప్పలేదు గానీ శాలిని తన ఇంట్లో చెప్పేసింది. సెంటినరీ కాలనీలో వాళ్ళ కంపెనీ క్వార్టరు. తండ్రి యిర్మియా భూగర్భ గనిలో పాత మనిషి, తల్లి మార్తమ్మ. యిర్మియాకు నేను టైమాఫీసు రోజులనుంచి తెలుసు. నన్ను చూడ్డానికి అరటిపండ్లు పట్టుకుని వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, నా కాలు సంగతి అడగడం మరిచిపోయి ఇదే మాట్లాడాడు.

"గిదేంది సార్? మా గనిల బూట్లు లేకుంటె కిందికి దిగనియ్యరు. గీడ బూట్లుంటె లోపలికి రానియ్యరా? సూదుల నడుమ వట్టికాళ్ళతోని తిరుగుడేంది? మా బిడ్డెకు గిట్ల అయితె నేనెవలికి చెప్పుకోవాలె?"

"నియమం యిర్మియా," అన్నాను నేను గంభీరంగా.

"నియమం పెట్టినాయన ఒక్క షిఫ్టు గీడ వట్టికాళ్ళతోని తిరుగుమనుండ్రి సార్," అన్నాడు.

చదువురాని వాదన! నియమం పెట్టేవాడు నియమం కింద తిరుగుతూ కూర్చుంటే ఇంక కొత్త నియమాలు ఎప్పుడు పెడతాడు?

యిర్మియా ఊరుకోలేదు. తనకు తెలిసిన పని తాను చేశాడు. గనిమీద ఆఫీసులో పనిచేసే రమ అనే అమ్మాయికి కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లు వాడకుండా పడున్నాయట. చిన్న సైజు. వాటిని అడిగి తెచ్చుకున్నాడు. కంపెనీ బూట్లంటే తెలుసు కదా, మందమైన అడుగు, ముందు భాగంలో వేళ్ళమీద ఇనుప టోపీ. పైకప్పునుంచి బండ రాలిపడ్డా వేళ్ళు మిగలాలని పెట్టిన ఏర్పాటు. జీవితమంతా పైనుంచి ఏం పడుతుందోనని బతికినవాడు కదా, వార్డులో ప్రమాదం కిందనుంచి వస్తుందని అతనికి తట్టలేదు. కూతురు నెత్తికి హెల్మెట్, నడుముకు దాని దీపం బ్యాటరీ కట్టలేదు, అదే సంతోషం.

నల్లబూట్లు నడవవు కాబట్టి, క్రిస్మస్‌కు కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ పెయింటు వేశాడు. రెండు పూతలు వేసి, ఎండలో ఆరబెట్టాడు. మార్తమ్మ వాటిని చూసి, "పిల్ల నర్సు పనికి పోతున్నదా, బాయి పనికి పోతున్నదా?" అందట. మా వైపు గనిని బాయి అంటారు.

మర్నాడు గేటు దగ్గర రఘుపతి సార్ వంగి చూసి నిటారుగా లేచాడు. ఆయన జీవితంలో అంత తెల్లటి షూ చూడలేదు. "చూడుండ్రి అందరు! గిది షూ అంటే! శాలినిని చూసి నేర్చుకోండ్రి!" అని పిల్లలందరి ముందు చప్పట్లు కొట్టించాడట. కంపెనీ బూటుకు ఇంత గౌరవం గనిలో ఎప్పుడూ దక్కలేదు.

వార్డు గుమ్మం దగ్గర శాలిని బూట్లు విప్పలేదు. అక్బరీ బేగం నేల తుడవడానికి పెట్టుకున్న ఫినాయిల్ నీళ్ళు కాసిన్ని అడుగులమీద పోసుకుని, గుడ్డతో తుడిచి, లోపలికి వచ్చేసింది. ధన్ ధన్ ధన్! వార్డులో నిద్రపోతున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. నా ఎదుటి మంచం బిక్షం ముసలాయనకు చెవులు సరిగా వినపడవు. ఆయన కూడా "ఎవలస్తున్నరు?" అన్నాడు. శాలిని బరువుగా, కాళ్ళీడ్చుకుంటూ, మడమలు ఒరుసుకుపోతున్నా పళ్ళు బిగబట్టి నడిచింది. కానీ ఒక్కసారి కూడా నేలవైపు చూడలేదు. నన్ను చూసింది, నా ముఖం చూసింది, "జెరమున్నట్టున్నది తాతా," అంది. నిజంగానే జ్వరం ఉంది. ఆస్మాకు కాకను, శాలినికి తాతను ఎలా అయ్యానో నాకర్థం కాలేదు గానీ, ఆ పూట కోపం రాలేదు.

పాపం ఎనామిల్ పెయింటు నమ్మకద్రోహం చేసింది. తోలుమీద అది నిలుస్తుందా? నడుస్తున్నకొద్దీ తెల్ల పెచ్చులు రాలిపడ్డాయి. అక్బరీ బేగం ఊడ్చుకుంటూ, ఊడ్చుకుంటూ, పెచ్చుల వెంబడే వచ్చి చివరికి శాలిని కాళ్ళ దగ్గర తేలింది. అలవాటు కొద్దీ "బూట్లు బాహర్!" అని ఒక్క కేక వేసింది. సరిగ్గా అప్పుడే రఘుపతి సార్ వరండాలో ఉన్నాడు. ఆ కేక నోరు జారి వచ్చిందని బేగం తర్వాత నాతో చాలాసేపు బాధపడింది. "నా కాళ్ళు సూడుండ్రి సార్, పగిలి పలుగులైనయ్. నాకు ఎరుక లేదా నొప్పి? ఆ పిల్లను పట్టియ్యాలని కాదు," అంది.

నేరం రుజువైంది. పొద్దున చప్పట్లు కొట్టించిన షూనే మధ్యాహ్నానికి జప్తు అయింది. ఈ వార్డులో శాలిని చేసిన ట్రైనింగు మొత్తం లెక్కలోకి రాదన్నారు. అది లెక్కలోకి రాకపోతే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష లేకపోతే ఒక సంవత్సరం పోయినట్టే. యిర్మియా వచ్చే ఏడు రిటైరవుతాడు, ఆపైన క్వార్టరు ఖాళీ చేయాలి. ఇవన్నీ బూటుకు సంబంధం లేని విషయాలు గనక ఎవరూ మాట్లాడలేదు.

విచారణ కమిటీ వేశారు. వాళ్ళకు సాక్షి కావాలి. కదలలేని సాక్షికన్నా నమ్మకమైనవాడు ఎవరుంటారు? నన్ను ప్రశ్నించడానికి రఘుపతి సార్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వార్డులోకి వచ్చారు. ముగ్గురి కాళ్ళకూ నల్లగా మెరిసే తోలు షూ. గుమ్మం దగ్గర అక్బరీ బేగం నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

నేను మాత్రం మూసుకోలేకపోయాను. నియమం నా బలహీనత! "సార్, బోర్డు చూడలేదా? పాదరక్షలు బయట," అన్నాను ఎంతో వినయంగా. బిక్షం ముసలాయనకు కూడా ఆ మాట వినపడినట్టుంది, లేచి కూర్చున్నాడు. రఘుపతి సార్ ఇటూ అటూ చూసి, నవ్వి, మిగతా ఇద్దరితో గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి, తానొక్కడే షూ విప్పాడు. మేజోళ్ళతో నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు తడిలో పడింది. టక్కున ఆగి కాలు ఎత్తాడు.

"గిదేం తడి? నీళ్ళేనా? గాజు గిట్ల ఉన్నదా ఈడ?"

"తెలియదు సార్," అంది శాలిని. విచారణకు పిలిపిస్తే వచ్చి, ఆమె వట్టికాళ్ళతో గోడవారగా నిలబడి ఉంది. "కిందికి చూస్కుంట రావాలె సార్."

ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. ఆయన చెప్పినదే చెప్పింది.

సార్ ముందుకు రాలేదు. ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి పెట్టి, వచ్చిన దారినే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. విచారణ అక్కణ్ణుంచే జరిగింది. ఆయన అటునుంచి అరుస్తాడు: "షూ ఏసుకున్నదా?" నేను ఇటునుంచి అరుస్తాను: "వేసుకుంది సార్! అడుగులు ఫినాయిల్‌తో కడుక్కుంది సార్!" మొదటి మాట రాసుకున్నారు. రెండో మాట దూరం వల్ల వినపడలేదట.

వార్డులో మాత్రమే వాడే, కడగడానికి వీలైన, వేళ్ళు మూసి ఉండే మెత్తటి షూ ఒక జత పిల్లలకు గుమ్మం లోపలే ఉంచితే సరిపోతుంది కదా అని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. అంత తేలికైన ఉపాయాలు చెప్పి పెద్దవాళ్ళను అవమానించకండి. తీర్పు వచ్చేసింది. శాలిని వేరే వార్డులో మొదటినుంచి ట్రైనింగు చేయాలి. అది పరీక్షలోపు పూర్తయితే అదృష్టం. ఆస్మా సూది గురించి తీర్పులో ఒక్క ముక్క లేదు. ఇంకో కొత్త నిర్ణయం కూడా ఉంది: ఇకమీదట తనిఖీకి వచ్చే అధికారుల షూలమీద తొడుక్కోవడానికి గుమ్మం దగ్గర నీలిరంగు కవర్లు పెడతారు. పాదాల భద్రత విషయంలో మా వాళ్ళు అంత పట్టింపుగా ఉంటారు!

ఆ నీలి కవర్లు తొడుక్కుని నిన్న కాలేజీ పెద్దలు ఎవరో అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు. నర్సింగు పిల్లలంతా తలలు వంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నారు. "ఎంత అణకువ! ఈ రోజుల్లో ఇట్లాంటి ఆడపిల్లలు ఎక్కడున్నారండీ!" అని అతిథులు మురిసిపోయారు. రఘుపతి సార్ చేతులు కట్టుకుని, "డిసిప్లిన్ సార్," అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక నా సెలైన్ సీసా ఖాళీ అయింది. గొట్టంలోకి నా నెత్తురే ఎర్రగా పైకి ఎక్కుతోంది. "సిస్టర్!" అని అరిచాను. వార్డు అవతలి చివర ఆస్మా ఉంది. ఇదివరకైతే ఆ పిల్ల నా గొంతు వినగానే ఉరికి వచ్చేది. ఇప్పుడు తల ఎత్తలేదు. నేల చూసుకుంటూ, ఒక్కొక్క అడుగు తడిమి తడిమి పెడుతూ బయలుదేరింది. నేను మళ్ళీ అరిచాను. "అస్తున్న కాకా, అస్తున్న," అంది, ఏడుపు గొంతుతో, నేలమీది చూపు తిప్పకుండానే.

నాకు కోపం వచ్చింది. ఆ పిల్లమీద కాదు. గొంతుదాకా వచ్చిన మాటలు పెద్దవాళ్ళ గురించి, ఇక్కడ రాయదగినవి కావు. చెయ్యి చాచి, గొట్టానికున్న చక్రాన్ని నేనే తిప్పి నెత్తురు ఆపుకున్నాను.

"ఉరకకు బిడ్డా," అన్నాను. "నాకేం కాదు. నువ్వు చూసుకుని రా."